మట్టి లేని టమాటాకు రెండు ఉష్ణోగ్రతలు: చేవెళ్ల దగ్గరి ఒక పాలీహౌస్ కేస్ స్టడీ

పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ ఫిల్ము కప్పిన ఇంట్లో, టమాటా పండించే రైతులు ఎండాకాలంలో ఫోన్ చేస్తే ముందుగా చెప్పేది గాలి ఉష్ణోగ్రతే. "లోపల నలభై ఒకటి చూపిస్తోంది సార్, ఏం చేయమంటారు?" అని మొదలుపెడతారు. వేరు దగ్గర ఎంత ఉందని అడిగితే సమాధానం ఉండదు. అక్కడ థర్మామీటర్ పెట్టి ఉండరు. పొలంలో వేసిన టమాటాకు ఈ లోటు పెద్దగా తెలియదు. జానెడు లోతుకు వెళ్తే మట్టి పగటి వేడిని అంత తొందరగా పట్టించుకోదు. మొక్క పెంచే ప్లాస్టిక్ సంచిలో, అంటే గ్రో బ్యాగులో మాత్రం ఒక్కో మొక్క వాటాకు వచ్చేది మట్టికి బదులు వాడే కొబ్బరి పొట్టు, అంటే కోకోపీట్, ఐదారు లీటర్లు. దానికీ ఎండకూ మధ్య ఉన్నది పలుచటి ప్లాస్టిక్ పొర ఒక్కటే.

ఈ కేసు రంగారెడ్డి జిల్లా చేవెళ్ల పరిసరాల్లోది. అర ఎకరం పాలీహౌస్, 200 మైక్రాన్ల ఫిల్ము, పక్కల కర్టెన్లు, పైన గాలి పోయే సందు, పురుగులు రాకుండా సన్నకన్ను నెట్. బయటి గాలిని తడి ప్యాడ్ల గుండా లాగి చల్లబరిచే ఫ్యాన్లు, ప్యాడ్లు లేవు. దాదాపు ఐదు వేల మొక్కలు, పురికొసల మీద పైకి పాకించే రకం. అక్టోబరులో నాటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కట్టిన గుత్తులు చూడముచ్చటగా ఉన్నాయి. నన్ను పిలిచింది ఏప్రిల్ మొదట్లో. రైతు చెప్పిన ఇబ్బందులు నాలుగు: మధ్యాహ్నం మొక్కలు వాడిపోతున్నాయి, పై గుత్తుల్లో పూత రాలిపోతోంది, కాయల అడుగున నల్ల మచ్చ వస్తోంది, పండినవి ఎర్రబడకుండా పసుపు, నారింజ రంగు దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ నాలుగింటికీ ఆయన దృష్టిలో కారణం ఒకటే, ఎండ. అది నిజమే కానీ, ఆ నిజంతో చేయగలిగింది ఏమీ లేదు. ఏ లక్షణం పైన ఉన్న గాలిది, ఏది కింద ఉన్న వేరుది అని విడదీస్తేనే ఎక్కడ డబ్బు పెట్టాలో తెలుస్తుంది.

ముందు కొలతలు. గాలి థర్మామీటర్‌ను మొక్క తల ఎత్తున, ఎండ తగలకుండా తెల్లటి గొడుగు కింద, చిన్న ఫ్యాన్ గాలి ఆడేలా వేలాడదీశాము. ఎండలో వేలాడే థర్మామీటర్ తన వేడిని తానే చెబుతుంది, గాలి వేడిని కాదు. వేరు కోసం రెండు ప్రోబ్‌లు పెట్టాము. ఒకటి బ్యాగు నడిమధ్య అరచేయి లోతులో, రెండోది పడమటి అంచున ప్లాస్టిక్‌కు రెండు వేళ్ల దూరంలో. మూడో కొలత ట్యాంకు నీటిది, నాలుగోది డ్రిప్పర్ దగ్గర పడే నీటిది. ఈ నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఈ కేసు ముడి విడింది మాత్రం అక్కడే.

గాలి మధ్యాహ్నం రెండు గంటలకు 41 డిగ్రీలు, తెల్లవారుజామున 24. ఇరవై నాలుగు గంటల సగటు 31 దాటుతోంది. బ్యాగు నడుమ ఉదయం ఆరింటికి 28, సాయంత్రం నాలుగున్నరకు 35. పడమటి అంచున 38. గాలి రెండింటికి శిఖరానికి చేరి దిగడం మొదలుపెడితే, వేరు ఆ తర్వాత రెండు రెండున్నర గంటలకు తన శిఖరానికి చేరుతోంది, పైగా రాత్రి పదింటి దాకా 30 కిందికి రావడం లేదు. అంకెలు చూడకముందే ఈ సంగతి అక్కడ పనిచేసే ఒక పెద్దావిడకు తెలుసు. "ఏడింటికి ఇంటికి పోయేటప్పుడు కూడా సంచులు వెచ్చగానే ఉంటాయి సార్" అంది. రాత్రి చల్లబడగానే మొక్క తేరుకుంటుందని రైతు నమ్మకం. పైన ఆకు తేరుకుంటోంది, కింద వేరు తేరుకోవడం లేదు.

వేరుకు 35 డిగ్రీలు ఎందుకు గండమో చెప్పుకోవాలి. టమాటా వేరు హాయిగా పనిచేసేది సుమారు 20 నుంచి 25 డిగ్రీల మధ్య. 30 దాటితే ఒకేసారి రెండు వైపుల నుంచి దెబ్బ పడుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 30 వద్ద అది 7.5కి, 35 వద్ద 6.9కి పడిపోతుంది. ఇవి సముద్రమట్టం దగ్గరి లెక్కలు, దక్కను పీఠభూమి మీద ఇంకాస్త తక్కువే. అదే సమయంలో వేరు శ్వాస పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే సరఫరా తగ్గుతున్నప్పుడే అవసరం పెరుగుతోంది. ఊపిరాడని వేరు చుట్టూ నీళ్లున్నా తోడుకోలేదు. మధ్యాహ్నం మొక్క వాడినప్పుడు బ్యాగు పిండి చూస్తే నీళ్లు కారుతున్నాయి. వాడిన మొక్క, తడిసిన బ్యాగు. ఈ రెండూ కలిసి కనిపిస్తే నేను నీళ్ల సంగతి అడగను, వేరు చూస్తాను.

ఒక బ్యాగును పడమటి వైపు నిలువుగా కోయించాము. నడుమ పైభాగంలో తెల్లటి వేరు కొసలు కొన్ని ఉన్నాయి. అంచునా, అడుగునా వేర్లు గోధుమరంగులో మెత్తబడి ఉన్నాయి. ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగితే పై తొక్క ఊడి చేతికొచ్చింది, లోపలి సన్నటి దారం మాత్రం మిగిలింది. పైతియం అనే శిలీంధ్రంలాంటి సూక్ష్మజీవి తెచ్చే వేరుకుళ్లుకు ఇది పొలంలోనే పోల్చుకోగల గుర్తు. పైతియంలో వేడిని ఇష్టపడే జాతి ఒకటి ఉంది, 30 డిగ్రీలు దాటాక మరింత చెలరేగుతుంది. ఆక్సిజన్ అందక నీరసించిన వేరు దానికి సులువుగా లొంగుతుంది. మందు పోసి వేడిని అలాగే వదిలేస్తే తెగులు మళ్లీ వస్తుంది.

రైతు పని కూడా తెలియకుండానే దీనికి తోడైంది. మొక్క వాడుతోందని పదకొండు నుంచి మూడు గంటల మధ్య డ్రిప్ విడతలు పెంచారు. ఒక్కో విడత మూడు నిమిషాలు, మొక్కకు సుమారు 100 మిల్లీలీటర్లు. ఇచ్చినదానిలో సగానికి దగ్గరగా బ్యాగు అడుగు నుంచి డ్రైన్ నీరుగా బయటికి పోతోంది. కోకోపీట్‌లో గాలికి చోటు లేదు.

ఇప్పుడు ఆ నాలుగో కొలత. ఎరువు నీటి ట్యాంకు నల్లది, ఆరుబయట స్టాండు మీద ఉంది. మధ్యాహ్నం అందులో నీరు 36 డిగ్రీలు. డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి విడత మొదలవగానే కొలిస్తే 45. రెండు నిమిషాలు గడిచాక 38కి దిగింది. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు కుళాయి తిప్పితే మొదటి చెంబు నీళ్లు చేయి పెట్టనీయవు కదా, ఇదీ అంతే. విడతకూ విడతకూ మధ్య నల్లటి డ్రిప్ పైపు ఎండలో పడి ఉంటుంది, అందులో నిలిచిన నీరు కాగుతుంది. నోటితో చెబితే రైతు నమ్మలేదు, కాబట్టి లెక్క కాగితం మీద వేశాము. 16 మిల్లీమీటర్ల పైపులో మీటరుకు సుమారు 145 మిల్లీలీటర్ల నీరు పడుతుంది. 40 మీటర్ల వరుసలో దాదాపు 6 లీటర్లు. ఆ వరుసకు నూరు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు రెండు లీటర్లు, అంటే నిమిషానికి మూడు లీటర్లకు పైగా. కాగిన ఆరు లీటర్లు ఖాళీ కావడానికే రెండు నిమిషాలకు దగ్గరవుతోంది. మూడు నిమిషాల విడతలో సగానికి పైగా వేరుకు చేరుతున్నది పైపులో కాగిన నీరే! మొక్కను కాపాడాలని విడతలు పెంచినకొద్దీ వేడినీళ్ల మోతాదు పెరిగింది.

అప్పటికే ఆయన దగ్గర నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లర్ కొటేషన్ ఒకటి ఉంది. చిల్లర్ చెడ్డ యంత్రమేమీ కాదు. పదివేల లీటర్లను ఆరు డిగ్రీలు చల్లబరచాలంటే 60,000 కిలోక్యాలరీలు, అంటే సుమారు 70 యూనిట్ల వేడిని తీసేయాలి. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని తీయగల మామూలు చిల్లర్‌కు దానికి రోజుకు 23, 24 యూనిట్ల కరెంటు సరిపోవచ్చు. కరెంటు బిల్లు భరించలేనంత కాదు. అయితే చల్లబరిచిన నీటిని అదే నల్ల పైపులో, అదే ఎండలో పంపితే డ్రిప్పర్ దగ్గరికి మళ్లీ కాగే వస్తుంది. వేడి ఎక్కడెక్కడ చొరబడుతోందో ఆ దారులన్నీ మూశాక కూడా అవసరమనిపిస్తే అప్పుడు కొనమన్నాను.

మూయడం మొదలైంది. పైపులు కింది నుంచి తీసి బ్యాగుల మీద, తెల్లటి ఫిల్ము పట్టీ కిందికి మార్చారు. నేల మీద పరిచిన నల్ల కలుపు షీటు మధ్యాహ్నం అరచేయి ఆనించలేనంత కాలుతోంది. దాని మీద తెల్ల షీటు వేశారు. బ్యాగులు నేరుగా ఆ షీటు మీదే ఉండేవి. వాటిని థర్మోకోల్ దిమ్మెల మీదికి ఎత్తించాము, కింద గాలి ఆడేలా, డ్రైన్ నీరు నిలవకుండా. పడమటి వరుసకు నిలువు షేడ్ నెట్ కట్టారు. పైన కదిలే షేడ్ నెట్‌ను పదకొండు నుంచి మూడున్నర దాకా మాత్రమే లాగమన్నాను. రోజంతా లాగి ఉంచితే వెలుతురు తగ్గి కాయ బరువు పోతుంది.

ఎక్కువ ఖర్చు సంపుకు అయింది. నేలలో సిమెంటు సంపు కట్టి, పైన మూత వేసి, ఎరువు నీటిని అందులోకి మార్చారు. బోరు నీరు ఆ ప్రాంతపు సంవత్సర సగటు గాలి వేడికి దగ్గరగా 27 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది, ఏ కాలంలోనైనా పెద్దగా మారదు. సంపులో అది మధ్యాహ్నానికి 28 దాటలేదు. ట్యాంకుతో పోలిస్తే ఎనిమిది డిగ్రీల తేడా, కరెంటు ఖర్చు లేకుండా.

విడతల లెక్క మార్చాము. సూర్యోదయం తర్వాత గంటన్నరకు మొదటి విడత, చీకటి పడకముందే చివరిది. విడతలు తగ్గించి ఒక్కో విడతను ఐదారు నిమిషాలకు పెంచాము, పైపులో నిలిచిన నీటి వాటా తగ్గేలా. డ్రైన్ 25 నుంచి 30 శాతం దగ్గర నిలిచింది. నీటిలో కరిగిన లవణాల గాఢతను చెప్పే ఇ.సి. అంకెను కూడా దించాల్సి వచ్చింది. లోపలికి 3.2 పోతుంటే డ్రైన్‌లో 4.6 కనిపిస్తోంది. చలికాలంలో రుచికీ గట్టిదనానికీ ఆ గాఢత పనికొస్తుంది. ఈ ఎండలో మొక్క నీరు ఎక్కువ తాగి లవణాన్ని వదిలేస్తోంది. 2.2కి తగ్గించాము.

అడుగు నల్ల మచ్చ గురించి ఒక మాట. ఇది కనిపించగానే అందరూ కాల్షియం పిచికారీ చేస్తారు, ఈ రైతూ చేశారు. ఎరువు నీటిలో కాల్షియం తక్కువేమీ లేదు. కాల్షియం నీటితోపాటే వేరు నుంచి పైకి ఎక్కుతుంది, ఆకుకు తగిలించినది కాయలోకి దిగదు. ఎండు గాలిలో ఆకులు నీటిని బలంగా లాగేస్తుంటే కాయకు వాటా తగ్గుతుంది. వేరు కూడా ఊపిరాడక తోడలేకపోతే ముందు దెబ్బతినేది కాయ కొసే. పిచికారీ ఆపించాను.

నాలుగైదు రోజుల్లో బ్యాగు నడుమ గరిష్ఠం 35 నుంచి 30కి, అంచున 31కి దిగింది. రాత్రి ఎనిమిదికల్లా 28. రెండో వారానికి మధ్యాహ్నపు వాడుదల దాదాపు ఆగింది. కోసి చూసిన కొత్త బ్యాగులో అంచు దాకా తెల్లటి కొసలు వచ్చాయి. పాడైన వేర్లు తిరిగి రాలేదు, రావు కూడా. తర్వాత ఎదిగిన కాయల్లో నల్ల మచ్చ అరుదైంది. నాలుగు ఇబ్బందుల్లో రెండు తీరాయి.

పూత రాలడం మాత్రం ఆగలేదు. రైతు ముఖంలో ఆ నిరాశ కనిపించింది. "వేరు చల్లబడింది కదా, ఇంకా ఎందుకు రాలుతోంది?" అని అడిగారు. వేరును ఎంత చల్లబరిచినా పుప్పొడి బాగుపడదు. అది గాలి లెక్క, అందులోనూ రాత్రి గాలి లెక్క. టమాటాకు పగలు 21 నుంచి 27, రాత్రి 16 నుంచి 19 డిగ్రీలు అనుకూలం. పగలు 32 దాటి, రాత్రి 21 కిందికి దిగకుండా ఉంటే పుప్పొడి తయారైనా సరిగా పని చేయదు. రోజు సగటు 29 దాటితే పిందె పట్టడం బాగా పడిపోతుంది. ఇక్కడ సగటు 31. పైగా పుప్పొడి అన్నిటికంటే సున్నితంగా ఉండే దశ పువ్వు విచ్చుకోవడానికి సుమారు 8 నుంచి 13 రోజుల ముందే గడిచిపోతుంది. ఇవాళ రాలిన పువ్వు చెప్పేది పది రోజుల నాటి వేడి గురించి. నిన్న షేడ్ నెట్ వేసి ఇవాళ పూతను చూసి తీర్పు చెప్పడం తొందరపాటు.

గాలి విషయంలో చేయగలిగింది కొంత చేశాము. 41 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉంటే గాలి దాహం (గాలి ఇంకా ఎంత నీటి ఆవిరిని పీల్చుకోగలదో చెప్పే కొలత) 5.8 కిలోపాస్కల్స్, మొక్కకు సుఖంగా ఉండే ఒకటి చుట్టుపక్కల అంకెకు ఐదారు రెట్లు. ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, ఆహారం తయారీ ఆగుతుంది. పొగమంచులా నీటి తుంపర చిమ్మే ఫాగర్లు కొద్ది సెకన్లు నడిపి నిమిషాలు ఆపే పద్ధతిలో పెడితే 35 డిగ్రీలు, 50 శాతం తేమ వచ్చింది, గాలి దాహం సగానికి తగ్గింది. ఆకు రసం పీల్చే ఎర్రనల్లి కూడా కాస్త వెనక్కి తగ్గింది, పొడి వేడి దానికి పండుగ. పూగుత్తులను కదిలించే పని పదకొండు తర్వాత చేసేవారు. దాన్ని తొమ్మిదింటికి మార్పించాను. పాలీహౌస్‌లో గాలి కదలదు, తీగను తట్టి పుప్పొడి రాల్చాల్సిందే. ఎండ ముదిరాక తడితే ఫలితం తక్కువ.

రంగు సంగతి తేలికగా తేలింది. కాయలో ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటాక తయారవడం మందగిస్తుంది, పసుపునిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. ఎండ నేరుగా తగిలే కాయ లోపలి వేడి గాలి కంటే ఎక్కువ. కింది ఆకులు కోసేటప్పుడు గుత్తి పైన ఉన్న రెండు ఆకులు వదిలేయమన్నాను. రంగు తిరగడం మొదలవగానే కోసి నీడలో 20 నుంచి 22 డిగ్రీల గదిలో పండించారు. రంగు సరిపోయింది.

ఏప్రిల్ మూడో వారానికి ఇక పై గుత్తుల మీద ఆశ వదులుకుని తలలు తుంచాము. కట్టిన కాయలు నిండేదాకా పంట నడిపి తీసేశారు. తర్వాతి పంటకు తేదీలు మార్చాము. ఆగస్టు మధ్యలో నాటడం, అక్టోబరు చివర్లో మొదటి కోత, ఫిబ్రవరి ఆఖరి వారంలో తలలు తుంచడం. అప్పుడు విచ్చుకున్న పూతే మార్చి, ఏప్రిల్ కోతకు వస్తుంది. వేడి ముదిరేనాటికి మొక్క మీద నిండాల్సిన కాయలే తప్ప కట్టాల్సిన పూత ఉండదు.

ఆ పంటకు డిసెంబరులో మళ్లీ పిలిచారు. ఈసారి చలి. ఉదయం పదింటికి మొక్కలు వాడుతున్నాయి, లేత ఆకుల అడుగున ఊదారంగు ఛాయ. రైతుకు ఇది అర్థం కాలేదు, పదింటికి గాలి 27 డిగ్రీలు, ఎండ హాయిగా ఉంది. బ్యాగులో చూస్తే 15. పైన ఆకు పనిలోకి దిగింది, కింద వేరు ఇంకా చలిలోనే ఉంది, నీరూ భాస్వరమూ పైకి పోవడం లేదు. నిర్మలమైన రాత్రుల్లో పాలిథీన్ పాలీహౌస్ లోపల బయటికంటే ఒక డిగ్రీ తక్కువ కూడా పడుతుంది. లోపల వెచ్చగానే ఉంటుందన్న నమ్మకం చాలామందికి ఉంది, నమ్మడం కంటే కొలవడం మేలు. వేసవిలో చల్లదనానికి కట్టిన సంపే ఇక్కడ పనికొచ్చింది. 26 డిగ్రీల నీటితో, కాస్త పొద్దెక్కాక, మొదటి రెండు విడతలు దగ్గరదగ్గరగా ఇస్తే పదకొండుకల్లా వేరు 20కి వచ్చింది. సాయంత్రం నాలుగింటికే కర్టెన్లు దింపమన్నాను, పగటి వేడి కొంత రాత్రికి మిగిలేలా. ఊదారంగు కొత్త ఆకుల్లో కనిపించలేదు. భాస్వరం మోతాదు పెంచలేదు.

చలిదేశాల్లో వేరును వేడి చేయడం పాత ఆలోచనే. 1970ల చమురు సంక్షోభం వేళ గ్రీన్‌హౌస్‌ల వేడి ఖర్చు పెరిగినప్పుడు, వేరు దగ్గర వెచ్చదనం ఇచ్చి రాత్రి గాలి ఉష్ణోగ్రతను కొంత తగ్గించుకోవచ్చా అని యూరప్‌లోనూ అమెరికాలోనూ చాలా ప్రయోగాలు చేశారు. కొంతవరకు కుదిరింది. సింగపూర్‌లో దానికి తలకిందులు చేశారు. వేడిగాలిలోనే వేరుకు మాత్రం చల్లటి నీరు పిచికారీ చేసి చలిప్రాంతపు లెట్యూస్ పండించారు. లెట్యూస్‌లో మనం తినేది ఆకు, దానికి పుప్పొడితో పని లేదు. ఆ వార్త చదివి టమాటాకూ వేరు చల్లబరిస్తే చాలనుకుంటే పూత దగ్గర తేలిపోతుంది.

ఇక మిగిలింది ధర. ఎండాకాలం దాటాక టమాటా ధర పెరగడం తెలిసిందే. 2023 జూన్, జులై నెలల్లో కిలో నూరు రూపాయలు దాటినప్పటి నుంచి పాలీహౌస్ ఉన్నవాళ్లందరికీ ఆ నెలల మీదే కన్ను. మే, జూన్‌లో హైదరాబాదుకు మదనపల్లె, కోలారు సరుకు రావడానికి కారణం అక్కడి ఎత్తు, చల్లటి రాత్రులు. చేవెళ్లలో ఆ రాత్రులను కొనుక్కోవాలి. ఈ రైతు అడిగింది అదే: ఫ్యాన్లు, ప్యాడ్లు పెడితే మేలో పూత నిలుస్తుందా అని.

లెక్క ప్రకారం మే మధ్యాహ్నం బయట 40 ఉంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ 23 దగ్గర ఉంటుంది, నీరు ఆవిరి చేసి గాలిని చల్లబరచగల హద్దు అదే. మంచి ప్యాడ్ ఆ తేడాలో ఎనభై శాతం దించగలదు, అంటే ప్యాడ్ దాటిన గాలి 27లోపు. ఫ్యాన్ వైపు చేరేసరికి ఎండ వల్ల నాలుగైదు డిగ్రీలు కలుస్తాయి, కాబట్టి ఆ చివరి వరుసలకు 31. చాలామంది ప్యాడ్‌ను సూర్యుడితోపాటే ఆపేస్తారు. అసలు లాభం రాత్రే. తెల్లవారుజామున 25 డిగ్రీలు, సగం తేమ ఉన్న గాలిని ప్యాడ్ 20 దగ్గరికి దించగలదు. పుప్పొడికి కావలసింది దాదాపు అదే. జూన్‌లో వానగాలి మొదలై తేమ పెరిగితే ఈ లాభం కరిగిపోతుంది. అందుకని మొత్తం అర ఎకరానికి పెట్టవద్దన్నాను. పాలీహౌస్‌లో ఒక భాగాన్ని, అంటే ఒక బేను వేరు చేసి, దానికే ప్యాడ్ కట్టి, ఏప్రిల్, మే నెలల్లో రాత్రంతా నడిపి చూడటానికి ఒప్పుకున్నారు. ప్యాడ్ వైపు ఒకటి, ఫ్యాన్ వైపు ఒకటి గాలి సెన్సర్లు, రెండు చోట్లా బ్యాగుల్లో ప్రోబ్‌లు బిగించాము. ప్యాడ్‌కు రోజుకు ఎంత నీరు పడుతుందో కూడా మీటరు పెట్టమన్నాను, వేసవిలో ఆ బోరు అంత నీరు ఇస్తుందో లేదో ఆ మీటరే చెప్పాలి.